చెప్పకుండా పంపిన గురువులు

పోయిన నెల ఈ పేజీలో ఒక పదో తరగతి పిల్లాడు ఇలా అడిగాడు: "మాయలు, మంత్రాలు ఉండే పెద్ద పెద్ద నవలల్లో గడ్డం తాతలందరూ అసలు సంగతి చివరిదాకా ఎందుకు దాస్తారు సార్?" నేను నవ్వుకుని, "ముందే చెప్పేస్తే రెండో పేజీకే కథ అయిపోతుంది కదా నాన్నా" అని రాసి చేతులు దులుపుకున్నాను. అంత తేలిగ్గా వదిలే ప్రశ్న కాదని మీ ఉత్తరాలు చూశాక తెలిసింది. అందుకే ఈ నెల సెలెక్షన్లు, మోకాళ్ల నొప్పులు, స్పోర్ట్స్ కోటా సందేహాలు పక్కన పెట్టి ఈ ఒక్క విషయం మీదే జవాబులు.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై మూడేళ్లు పీఈటీగా పనిచేశాను. ఇంగ్లిష్ నవలలతో నాకేం పని అంటే, మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్తూ ఒక అట్టపెట్టె నిండా వదిలేసి వెళ్లింది. మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదలుపెట్టాను. సగం పేర్లకు నోరు తిరగలేదు. కానీ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో గాండాల్ఫ్ అనే ముసలి మాంత్రికుడు రాగానే గుర్తుపట్టేశాను. పిల్లల్ని బరిలోకి దింపి తను సున్నం గీత బయట నిలబడతాడు. మా ఉద్యోగమే.

*ప్రశ్న: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలో గాండాల్ఫ్ ఉంగరం సంగతి తెలుసుకుని వెంటనే వచ్చినట్టు ఉంటుంది. పుస్తకంలో మాత్రం పదిహేడేళ్లు. అంతకాలం ఫ్రోడో దగ్గర ఆ ఉంగరం ఉంచి, ఏమీ చెప్పకుండా తిరగడం బాధ్యత లేనితనం కాదా మాస్టారూ? — డిగ్రీ విద్యార్థి, ఖమ్మం*

పుస్తకం దాకా వెళ్లావు, సంతోషం బాబూ. మిగతావాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. టోల్కీన్ రాసిన ఈ నవల 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. సౌరాన్ అనే దుర్మార్గుడు తన బలమంతా పోసి చేసుకున్న ఉంగరం ఎప్పుడో పోయింది. చేతులు మారి మారి హాబిట్లనే పొట్టి మనుషుల్లో ఒకడైన బిల్బోకి దొరికింది. అతను తన 111వ పుట్టినరోజున ఊరు వదిలి వెళ్తూ తన వారసుడు ఫ్రోడోకి ఇచ్చాడు. ఫ్రోడోకి ఆ రోజే ముప్ఫై మూడు నిండాయి. హాబిట్ల లెక్కలో మైనారిటీ తీరే వయసు అదే. గాండాల్ఫ్‌కి అప్పటికే అనుమానం ఉంది. 'దాచి ఉంచు, వాడొద్దు' అని మాత్రం చెప్పి వెళ్లాడు. రూఢి చేసుకుని తిరిగొచ్చేసరికి ఫ్రోడో యాభైకి దగ్గరపడ్డాడు.

ఎందుకాగాడు? నాకు తోచిన మొదటి కారణం, పైవాడి మీద గురి. మాంత్రికుల పెద్ద సారుమాన్. ఉంగరాల విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ ఉంగరం నదిలో కొట్టుకుపోయి సముద్రంలో కలిసిపోయిందని ఆయన ఎప్పుడో తేల్చి చెప్పాడు. పై అధికారి ఫైలు మీద సంతకం పెట్టాక కిందివాడు మళ్లీ తెరిచి చూస్తాడా? నేను చూశానా? మా మైదానంలో లాంగ్‌జంప్ గుంత కొలత తప్పుందని ఆరేళ్లు అనుమానిస్తూనే ఉన్నాను. నాకంటే సీనియర్ కొలిచాడు కదా అని టేపు బయటికి తీయలేదు.

అనుమానం ముదిరాక గాండాల్ఫ్ కూర్చోలేదు. అరగార్న్ అనే వీరుణ్ణి తోడు తీసుకుని, ఒకప్పుడు ఆ ఉంగరం పెట్టుకున్న గొల్లమ్ కోసం వెతికించాడు. మినాస్ తిరిత్ నగరంలో పాత గ్రంథాల మధ్య కూర్చుని, వేడి తగిలితే ఆ ఉంగరం మీద అక్షరాలు కనిపిస్తాయని తెలుసుకున్నాడు. అప్పుడొచ్చి ఫ్రోడో ఇంటి పొయ్యిలోనే పడేసి చూశాడు. ఆలస్యం తప్పేనంటాను. అయితే చెప్పడం మొదలుపెట్టాక ఏదీ మింగలేదు. శత్రువుకి నీ ఇంటిపేరు తెలిసిపోయింది, నీ ఊరి పేరు తెలిసిపోయింది, వెతుక్కుంటూ వస్తారు అని మొహం మీదే చెప్పాడు.

వెంటనే ఫ్రోడో ఏం చేశాడో నీకు గుర్తుండే ఉంటుంది. 'నువ్వు పెద్దవాడివి, బలవంతుడివి, నువ్వే తీసుకో' అని ఉంగరం చాపాడు. గాండాల్ఫ్ నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు. తనూ సౌరాన్‌లా అయిపోతానని ఆయన భయం. జాలితో, మంచి చేద్దామనే తొందరతో దాన్ని వాడతానని భయం. టోల్కీన్ 1963లో ఒక పాఠకురాలికి జవాబు రాసుకుంటూ, గాండాల్ఫ్ చేతిలో ఆ ఉంగరం పడి ఉంటే సౌరాన్ కంటే ఘోరంగా ఉండేదన్నాడు. సౌరాన్ చెడ్డవాడని అందరికీ తెలుసు. గాండాల్ఫ్ అయితే అందరి మేలు కోసమే అంటూ మెడలు వంచేవాడు, చివరికి మంచి అన్నా జనానికి ఏవగింపు పుట్టేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రులు పిల్లల్ని తెచ్చి అప్పగిస్తూ, "కళ్లు రెండూ ఉంచి మిగతాది మీ ఇష్టం సార్" అనేవారు. అదీ ఉంగరమే. ఎంతమంది దగ్గర పుచ్చుకున్నానో లెక్క లేదు.

*ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ చదివి, "డంబుల్‌డోర్ పెద్ద మోసగాడమ్మా, హ్యారీకి అన్నీ దాచాడు" అంటున్నాడు. వాళ్ల నాన్నగారికి బైపాస్ చేయాలన్నారు. వాడి పరీక్షలు మార్చిలో, ఆపరేషన్ ఏప్రిల్‌లో. పరీక్షలు అయ్యేదాకా వాడికి చెప్పొద్దనుకున్నాం. వాడు డంబుల్‌డోర్‌ని తిట్టినప్పుడల్లా నాకు గుచ్చుకుంటోంది. — ఒక తల్లి, కాకినాడ*

అమ్మా, ముందు ఆ పుస్తకాల్లో ఉన్నదేమిటో చూద్దాం. వోల్డెమార్ట్ అనే దుష్ట మాంత్రికుడు అమ్మానాన్నల్ని చంపేశాక, ఏడాది దాటిన హ్యారీని దుప్పటిలో చుట్టి పెద్దమ్మ గుమ్మం ముందు పెట్టాడు డంబుల్‌డోర్, మంత్రవిద్య నేర్పే బడికి హెడ్మాస్టరు. ఆ ఇంట్లో మెట్ల కింద అరలో పిల్లాడు పదేళ్లు పడుకున్నాడు. అక్కడ ఆదరణ ఉండదని ఆయనకు తెలుసు. తల్లి ప్రాణమిచ్చి కట్టిన రక్ష ఆమె రక్తసంబంధీకుల ఇంట్లోనే నిలుస్తుందని కూడా తెలుసు. ప్రాణమా, సుఖమా అంటే ప్రాణమే ఎంచుకున్నాడు. అంతవరకు నేను తప్పుపట్టను.

తరువాతదే అసలు చిక్కు. మొదటి ఏడాది చివర్లో హ్యారీ ఆస్పత్రి మంచం మీద నుంచి సూటిగా అడిగాడు: వోల్డెమార్ట్ నన్నే ఎందుకు చంపాలనుకున్నాడు? డంబుల్‌డోర్ ఇవాళ చెప్పలేనన్నాడు. పదకొండేళ్ల పిల్లాడు కదా, సరే. తరువాతి ఏడు, ఆ తరువాతి ఏడు కూడా చెప్పలేదు. ఐదో పుస్తకం చివర, పిల్లాడి ఆప్తుడొకడు చనిపోయాక నోరు విప్పాడు. అప్పుడు తన తప్పు తానే ఒప్పుకున్నాడు. నీ మీద ప్రేమ ఎక్కువై, నీ సంతోషం చెడగొట్టలేక వాయిదా వేశానని. శత్రువు చావాలంటే ముందు హ్యారీ తన చావుకు తాను నడిచి వెళ్లాలనే ఆఖరి ముక్క మాత్రం అప్పటికీ చెప్పలేదు. ఆయన పోయాక, 2007లో వచ్చిన ఏడో పుస్తకంలో, ఆ బడిలోనే మాస్టారైన స్నేప్ జ్ఞాపకాల్లోంచి హ్యారీకి తెలుస్తుంది. ఆ స్నేప్ కూడా, కోతకు పందిని పెంచినట్టు వీణ్ణి పెంచావా అని డంబుల్‌డోర్‌ని నిలదీస్తాడు.

మీ అబ్బాయితో వాదించేందుకు ఒక పాయింటు ఇస్తాను. హ్యారీ బతికి బయటపడొచ్చని డంబుల్‌డోర్‌కి ఒక ఆశ ఉంది. ఆ మాట ముందే చెబితే, చావడానికి సిద్ధపడి వెళ్లడం అనేదే ఉండదు, ఆ త్యాగానికున్న శక్తీ ఉండదు. చెబితే పని చెడుతుంది, చెప్పకపోతే పిల్లాణ్ణి మోసం చేసినట్టవుతుంది. ఇంత బిగువైన ముడి నేను చదివినవాటిలో ఇంకోటి లేదు.

ఇక నా సంగతి. ఇది ఇంతకుముందు ఈ పేజీలో రాయలేదు.

1994లో నా దగ్గర ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉండేది. 800 మీటర్లు పరిగెత్తేది, ఉత్త కాళ్లతోనే. రాష్ట్రస్థాయి పోటీలకు పది రోజులుందనగా మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి అంది. వాళ్ల తమ్ముణ్ణి కూడా ఎక్కించుకుని నా స్కూటర్ మీద టౌన్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్ష చేసి నన్ను లోపలికి పిలిచి చీటీ రాసిచ్చాడు. మూడు వారాలు పరుగు ఆపాలి, లేకపోతే ఎముక చిట్లే ప్రమాదం ఉంది. బయట బల్ల మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. వాళ్ల నాన్న అంతకుముందే నాతో అన్నాడు: పతకం తెస్తే పై చదువు, లేకపోతే పదో తరగతి కాగానే పెళ్లి. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఏం లేదమ్మా, కండరం పట్టేసిందట, కొబ్బరినూనె రాయి" అన్నాను.

పరిగెత్తింది. చివరి రెండు వందల మీటర్లు ఆ పిల్ల మొహం చూసినవాడెవడూ కండరం నొప్పి అనుకోడు. మూడో స్థానం వచ్చింది. ఎముకలో సన్నని చీలిక, ఆరు వారాలు కట్టు. తండ్రి మాట తప్పలేదు, కాలేజీలో చేర్పించాడు. ఆమె ఇప్పుడు ఒక ప్రభుత్వ శాఖలో మంచి ఉద్యోగంలో ఉంది. అంతా మంచికే జరిగింది కదా అని నేను చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను.

నేను రిటైరైన ఏడాది ఆమె తన కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. టీ తాగుతూ మామూలుగా అంది: "కట్టు కట్టిన రోజే డాక్టరుగారు నన్ను తిట్టారు సార్, మూడు వారాలు ఆగమని రాసిచ్చాను కదా అని. మీరు చెప్పినా నేను పరిగెత్తేదాన్నే. కానీ అప్పుడు నేను పరిగెత్తినట్టుండేది." కోపంగా అనలేదమ్మా. కప్పు కింద పెట్టి, వాళ్ల పాపకి బిస్కెట్ తుంచి ఇచ్చింది.

మీరు నన్ను సలహా అడగలేదు, అయినా చెబుతాను. మీ అబ్బాయికి చెప్పండి. పరీక్ష ఉదయం వద్దు, ఈ ఆదివారమే, వాళ్ల నాన్నగారే చెబితే ఇంకా మంచిది. నాలుగు మార్కులు తగ్గుతాయేమో. ఇంట్లో గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం వాడు ఇప్పటికే గమనించి ఉంటాడని నా అనుమానం. లేకపోతే ఏడు పుస్తకాల్లో వాడికి ఆ ఒక్క విషయమే ఎందుకు పట్టుకుంటుంది?

*ప్రశ్న: విశ్వామిత్రుడు, ద్రోణుడు మన ఇంట్లో ఉండగా ఈ పరాయి గడ్డాలు దేనికి సార్? — విశ్రాంత తెలుగు పండితులు, రాజమహేంద్రవరం*

నమస్కారం మాస్టారూ. మీ ఉత్తరం చదివాక బాలకాండ మళ్లీ తీశాను. విశ్వామిత్రుడు రాముణ్ణి పంపమనగానే దశరథుడు తల్లడిల్లిపోతాడు. 'ఊనషోడశవర్షో మే రామః' అంటాడు. పదహారు నిండలేదయ్యా నా బిడ్డకు, కావాలంటే సైన్యంతో నేనొస్తాను అని. మైనరు పిల్లాణ్ణి రాక్షసుల మీదికి తీసుకెళ్తాననే గురువు, వద్దనే తండ్రి, మధ్యలో పంపమని సర్దిచెప్పే వసిష్ఠుడు. ఈ ఘట్టం ముందు పరాయి గడ్డాలు దిగదుడుపే, ఒప్పుకుంటున్నాను.

విశ్వామిత్రుడిలో నాకు నచ్చిందేమిటంటే, దారిలోనే బల, అతిబల అనే విద్యలు ఇచ్చాడు. తాటక ఎవరు, ఎందుకలా అయింది, ఎంత బలముంది అన్నీ ఆమె ఎదురుపడకముందే చెప్పాడు. ఆడదాన్ని చంపడానికి రాముడికి మనసొప్పకపోతే పక్కనే నిలబడి కారణాలు చెప్పాడు. సిలబస్ పూర్తి చేశాకే పరీక్ష పెట్టాడన్నమాట. ఒక్కటే వెలితి. వస్తావా అని రాముణ్ణి ఎవరూ అడగలేదు. ఇద్దరు పెద్దలూ ఒక రాజూ మాట్లాడుకుని తేల్చారు. తండ్రి చెప్పాడు కాబట్టి చేస్తున్నానని రాముడే అంటాడు.

ద్రోణుడి విషయంలో నేను మీతో కొంచెం పేచీ పడతాను. ఆయన్ని తిట్టడం అందరూ చేసే పనే. నాకు మాత్రం ఆయన ఒక ఉద్యోగస్తుడిగా కనిపిస్తాడు. బిడ్డ పాలకోసం ఏడిస్తే పిండి కలిపిన నీళ్లు పాలని నమ్మిన ఇల్లు ఆయనది. చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడు సభలో అవమానించి పంపేశాడు. అటువంటివాడికి హస్తినలో కొలువు దొరికింది. నిన్ను మించిన విలుకాడు ఉండడని అర్జునుడికి మాటిచ్చేశాడు. ఇంతలో అడవిలో మట్టిబొమ్మ ముందు నేర్చుకున్న ఏకలవ్యుడు కనబడ్డాడు. మాట నిలబడాలి, కొలువు నిలబడాలి. తను ఒక్క పాఠం చెప్పని పిల్లాడి దగ్గర కుడి బొటనవేలు పుచ్చుకున్నాడు. గాండాల్ఫ్ చేతికిచ్చినదాన్ని వద్దన్నాడు, ఈయన తనది కానిదాన్ని అడిగి తీసుకున్నాడు. ఆ పక్కపక్క బొమ్మలు చూపించడానికే మాస్టారూ పరాయి గడ్డం కావాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట. మన దేశంలో కోచ్‌లకిచ్చే పెద్ద పురస్కారం 1985 నుంచి ద్రోణాచార్యుడి పేరు మీదే ఉంది. ఆ పేరు ఎంచుకున్న రోజు ఆ గదిలో ఎవరికైనా బొటనవేలు గుర్తొచ్చిందా అని నాకెప్పుడూ కుతూహలమే.

*ప్రశ్న: గడ్డాలు లేని గురువులు లేరా సార్? ఇంకో సందేహం, అబద్ధం ఆడకుండానే మోసం చేస్తే అది తప్పా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్*

రెండిటికీ ఒకటే జవాబు, మొయిరేన్. రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్' నవలల్లో మనిషి. మొదటిది 1990లో వచ్చింది. ఆమె చెందిన మాంత్రిక స్త్రీల సంఘంలో అందరూ ఒట్టు పెట్టుకోవాలి, సత్యం కాని మాట ఒక్కటీ పలకకూడదు. ఆ ఒట్టు మంత్రంతో కట్టింది, దాటుదామన్నా నాలుక కదలదు. ఫలితం ఏమైందంటే, లోకంలో ఎవరూ వాళ్లని నమ్మరు! అబద్ధం ఆడలేనివాళ్లు నిజాన్ని కత్తిరించి, అతికించి, సగం మింగి మాట్లాడటంలో ఆరితేరిపోయారు. 'అశ్వత్థామా హతః' అని గట్టిగా అని, 'కుంజరః' అని గొణిగిన ధర్మరాజులు ఊరినిండా ఉన్నారనుకోండి, అలా. (ఆ రోజు మోసపోయింది ఇందాకటి ద్రోణుడే. శిష్యుడే గురువుకి సగం నిజం వడ్డించాడు.)

మొయిరేన్ ఒక పల్లెటూరి కుర్రాడు రాండ్‌ని లోకాన్ని కాపాడేవాడుగా తయారుచేయాలని బయల్దేరుతుంది. ఏదీ పూర్తిగా చెప్పదు, తన దారిలోకి నెడుతూ ఉంటుంది. అతను ఆమె మంచి మాట కూడా వినడం మానేస్తాడు. చివరికి ఐదో పుస్తకంలో ఆమే దిగొచ్చి, నువ్వు చెప్పినట్టు నడుచుకుంటానని మాటిస్తుంది, సలహా చెప్పే చోటు దొరికితే చాలని. గురువు శిష్యుడి ముందు తల వంచడం ఎక్కడైనా చూశామా? మీ రెండో ప్రశ్నకు ఆమె పడ్డ పాట్లే జవాబు. మీ ఆఫీసు మీటింగుల్లో ఈ ఒట్టు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారని మా అమ్మాయి చెబుతుంటుంది.

*ప్రశ్న: నేను సైన్యంలో పనిచేశాను. గాండాల్ఫ్ ఏడు వేల మందిని నల్ల ద్వారం దగ్గరికి ఎరగా నడిపించాడు. అది ధర్మమేనా? — మాజీ జవాను, ప్రకాశం జిల్లా*

అన్నా, ఈ ప్రశ్నకు నాకంటే మీకే అర్హత ఎక్కువ. నేను చదివింది చెబుతాను, మీరు సరిదిద్దండి.

మిగతావాళ్ల కోసం ఒక మాట: ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పారేసి నాశనం చేయడానికి ఫ్రోడో రహస్యంగా సౌరాన్ రాజ్యంలోకి వెళ్లాడు, నల్ల ద్వారం ఆ రాజ్యానిదే. అక్కడ గాండాల్ఫ్ ఏ మాటా దాచలేదు. కత్తులతో మనం గెలవలేం, శత్రువు చూపు మన మీద ఉన్నంతసేపే ఫ్రోడో ముందుకెళ్లగలడు, మనమెవరమూ తిరిగి రాకపోవచ్చు అని సేనానుల ముందు చెప్పాడు. అరగార్న్ అయితే, ఎవరికీ ఆజ్ఞ లేదు, ఇష్టమైనవాళ్లే రండి అన్నాడు. దారిలో కుర్రాళ్లు కొందరు భయంతో అడుగు వేయలేకపోతే వాళ్ల మీద అరవలేదు. తిరిగి వెళ్లి శత్రువు చేతిలో ఉన్న ఒక లంకను పట్టుకోండి, ఇదీ మగతనమే అని చేయగల పని అప్పజెప్పి పంపాడు. ద్వారం చేరేసరికి ఆరు వేలమంది కూడా లేరు. నా ఉద్యోగంలో పరుగు మధ్యలో ఆగిపోయిన పిల్లాడికి ఇలా ఇంకో పని చేతికివ్వడం నాకు యాభై దాటాకగానీ రాలేదు.

కష్టమైన ఘట్టం ఆ తరువాత వస్తుంది. శత్రువు రాయబారి ఫ్రోడో కవచం తెచ్చి చూపిస్తాడు. వాడు మా చేతిలో ఉన్నాడు, లొంగిపోండి, లేకపోతే ఏళ్ల తరబడి చిత్రహింస అంటాడు. ఫ్రోడో బతికి ఉన్నాడో లేదో గాండాల్ఫ్‌కి తెలియదు. పక్కనే ఫ్రోడో స్నేహితుడు పిప్పిన్ అనే హాబిట్ కేక వేస్తున్నాడు. హాబిట్ల లెక్కలో ఆ పిప్పిన్‌కి ఇంకా మైనారిటీ కూడా తీరలేదు. ప్రయాణానికి ముందు, వీణ్ణి పంపొద్దని ఎల్రాండ్ అనే పెద్దాయన అన్నప్పుడు, స్నేహాన్ని నమ్ముదాం, వెళ్లనివ్వండి అని పట్టుబట్టినవాడు ఈ గాండాల్ఫే. ఇప్పుడు ఆ పిల్లాడి కళ్లముందు కవచం లాక్కుని, బేరం లేదు పొమ్మన్నాడు. ధర్మమేనా అంటే, బహుశా ఇంకో దారి లేదు. కానీ ఆ రాత్రి బతికి ఉంటే పిప్పిన్ మొహం ఎలా చూడాలనుకున్నాడో అని నాకు అనిపిస్తుంది. రచయిత అది రాయలేదు.

*ప్రశ్న: గొల్లమ్‌ని ముందే చంపేస్తే పీడ పోయేది కదా తాతగారూ? — ఎనిమిదో తరగతి, వరంగల్*

పోయేది కాదమ్మా, కథ అడ్డం తిరిగేది. చివరికి అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఉంగరం పారేయలేకపోయాడు. గొల్లమే వేలు కొరికి లాక్కుని, దాంతోపాటు లోపల పడ్డాడు. అలా జరుగుతుందని గాండాల్ఫ్‌కి ముందే తెలుసనుకోకు. వీడికింకా ఏదో పని మిగిలి ఉందని మనసుకి తోచింది, అంతే. బతకనివ్వడానికి ఆయనకున్న కారణం జాలి ఒక్కటే.

*ప్రశ్న: సార్, నేను కొత్తగా చేరిన పీఈటీని. నా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడు లాంగ్‌జంప్ బాగా చేస్తాడు. ఒక పెద్ద ప్రైవేటు అకాడమీ రమ్మంది. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే మంచిదని నా అభిప్రాయం. వాడు వెళ్తానంటున్నాడు. ఆపాలా? నాది అసూయేమో అని కూడా భయంగా ఉంది. — అనంతపురం*

అసూయ కొంచెం ఉంటుంది తమ్ముడూ. లేదనేవాణ్ణి నమ్మొద్దు.

ఒగియన్ అని ఒకాయన ఉన్నాడు. అర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎర్త్‌సీ' మొదటి నవలలో. అంత పెద్ద మాంత్రికుడైనా, వాన వస్తే మంత్రంతో ఆపకుండా చెట్టు కింద తడుస్తూ పడుకుంటాడు. ఆయన శిష్యుడు గెడ్‌కి ఒళ్లంతా తొందర. నెలల తరబడి కొండలెక్కడం, ఆకులు గుర్తుపట్టడం, నోరు మూసుకుని ఉండటం తప్ప గురువు ఏమీ నేర్పడం లేదని వాడి గోల. గొప్ప చూపించుకుందామని గురువు పుస్తకం తెరిచి ఒక నీడను పిలిచేస్తాడు కూడా. ఆ రాత్రి ఒగియన్ కొట్టలేదు, తిట్టలేదు. నా దగ్గరుంటావా, రోక్ దీవిలో పెద్ద విద్యాలయానికి వెళ్తావా, నీ ఇష్టం అన్నాడు. తన దగ్గరే ఉంటే బాగుండునని ఆయన కోరిక. అది కూడా దాచలేదు. వాడు రోక్ అన్నాడు. ఉత్తరం రాసిచ్చి పంపేశాడు.

మంచే జరిగిందా? లేదు. అక్కడ గెడ్ పొగరుకి పోయి భయంకరమైన నీడను లోకంలోకి వదిలాడు. దాన్ని ఆపుతూ అక్కడి పెద్దగురువు ప్రాణమే పోయింది. తరువాత ఆ నీడ నుంచి పారిపోతూ డేగ రూపం ఎత్తి, మనిషినన్న సంగతే మరిచిపోయి ఎగిరొచ్చి ఒగియన్ చేతి మీదే వాలాడు. ఒగియన్ గుర్తుపట్టి మళ్లీ మనిషిని చేశాడు. ముందే చెప్పానా అని ఒక్క మాట అనలేదు. పారిపోవడం మాని వెనక్కి తిరిగి దాన్నే తరుము అని సలహా ఇచ్చాడు, అంతే.

కాబట్టి నువ్వు అనుకుంటున్నది వాడికి, వాళ్ల అమ్మానాన్నలకు పూర్తిగా చెప్పు. అకాడమీ ఫీజు ఎంత, రోజుకెన్ని గంటలు, గాయమైతే ఖర్చు ఎవరిది, చదువు సంగతేమిటి, అన్నీ కాగితం మీద రాసి ఇవ్వు. నీ అసూయ సంగతి కూడా చెప్పు, నవ్వుతారు, ఫర్వాలేదు. ఆ తరువాత వాడు వెళ్తానంటే బస్టాండు దాకా వెళ్లి ఎక్కించు. నీ ఫోన్ నంబరు మాత్రం మార్చకు.

*ప్రశ్న: మీరే గాండాల్ఫ్ అయితే ఫ్రోడో ఇచ్చినప్పుడు ఉంగరం తీసుకుంటారా? — ఏడో తరగతి, తెనాలి*

తీసుకుంటాను బాబూ. పోటీలకు పది రోజులుందంటే చేయి చాపి మరీ తీసుకుంటాను. ఆ డాక్టరు చీటీ ఇప్పటికీ నా స్టాప్‌వాచ్ డబ్బాలోనే ఉంది.